1930ల ఇంగ్లిష్ కంట్రీ హౌసుల్లో వెండి సామాను ఎలా తోమేవారు?

పాలిష్ డబ్బాలు లేని ఆ రోజుల్లో వెండి అద్దంలా ఎలా మెరిసేదని కదా మీ ప్రశ్న. డబ్బాలు లేకపోవడమేం! లీసెస్టర్‌లో గాడర్డ్స్ వారి పాదరసం కలపని ప్లేట్ పౌడర్ (ప్లేట్ అంటే వెండి సామాను) 1839లోనే వచ్చింది. అయినా పెద్ద ఇళ్ళలో చాలామంది బట్లర్లకు రూజ్ మీదే గురి. నగలకు మెరుగు పెట్టే మెత్తటి ఎర్ర పొడి, ఐరన్ ఆక్సైడ్. పని బట్లర్ కింది నౌకరు ఫుట్‌మ్యాన్‌ది, చోటు బట్లర్ ప్యాంట్రీ, అంటే వెండి సామాను కడిగి దాచే గది.

ముందు జిడ్డు వదలగొట్టాలి. చెక్క తొట్టిలోనో, సీసం రేకు పరిచిన సింకులోనో సబ్బు కలిపిన వేణ్ణీళ్ళు పోసి ఒక్కో వస్తువే కడిగేవారు. గట్టి పింగాణీ సింకులో తగిలితే సొట్టే. జిడ్డు మిగిలితే రూజ్ ముద్దకట్టి చారలు పడుతుంది. దంతపు పిడి కత్తుల్ని మాత్రం పిడిదాకా ముంచకూడదు, లోపలి లక్క కరిగి పిడి ఊడొస్తుంది. కొవ్వొత్తి స్టాండ్ల అడుగున బరువు కోసం పోసిన, తారులాంటి కీలుకూ వేడి పడదు.

తడి ఆరాక రూజ్‌ని అమోనియా నీళ్ళతో మీగడలా కలిపి, గుడ్డతో కాదు, వట్టి వేళ్ళతో, బొటనవేలి కండతో రుద్దాలి. అసలు రహస్యం ఇదే. ఇసుక నలుసు ఒక్కటున్నా వేలికి వెంటనే తెలుస్తుంది, గుడ్డకు తెలియదు, గీత పడిపోతుంది. కొత్త కుర్రాడికి మొదట్లో వేళ్ళు బొబ్బలెక్కి చితికేవి. అలాగే రుద్దుతూ పోతే చర్మం గట్టిపడేది. ఆ చేతుల్ని ‘ప్లేట్ హ్యాండ్స్’ అనేవారు. ఆరిన పొడిని నగిషీల్లోంచి మెత్తటి బ్రష్‌తో దులపాలి, లేదంటే ఎర్రగా పేరుకుపోతుంది. చివర్న మెత్తటి షామాయి తోలుతో తుడిచి మెరుగు పెట్టాలి.

ఇంత చాకిరీ ఎందుకంటే, బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, వాడని గిన్నె కూడా నల్లబడుతుంది. గుడ్డు తిన్న చెంచా సంగతీ అంతే. ఉప్పు ఇంకా ప్రమాదం, వెండిని తినేసి గుంటలు చేస్తుంది. అందుకే ఉప్పు గిన్నెల్లోపల బంగారు పూతో, నీలం గాజు గిన్నో ఉండేది. తమాషా ఏమిటంటే, వెండిని దాచే ఆ పచ్చ బేజ్ గుడ్డ సంచులు ఉన్నివి, ఉన్నిలోనూ గంధకమే!

ఇప్పుడు పాత ఇళ్ళను చూసుకునేవారు రూజ్ జోలికి పోరు. రుద్దినప్పుడల్లా కొంత వెండి పోతుంది, వంశ చిహ్నాల చెక్కడం అరిగిపోతుంది. రాగి మీద పల్చటి వెండి పొర అతికించిన షెఫీల్డ్ ప్లేట్ అయితే అడుగు రాగి బయటపడుతుంది. మన విభూతి కూడా రాపిడి పొడే కాబట్టి, వెండి పూత వస్తువులకు దాన్నీ వాడకండి.