గొల్లకొండా, గోల్కొండా?

సందేహం: మా అబ్బాయి బడి పత్రికకు "గొల్లకొండ శిధిల కోట – ఇతిహాసం" అని వ్యాసం రాశాడు. టీచరు గొల్లకొండను గోల్కొండ అని దిద్దారు. కొండ మీద గొల్లపిల్లవాడికి విగ్రహం దొరికింది కాబట్టే ఆ పేరు వచ్చిందంటారు కదా, మరి గొల్లకొండ తప్పెలా అవుతుంది? చప్పట్ల గోల పైదాకా వినబడుతుంది కనుక గోలకొండ అని ఇంకొకరు చెప్పారు. బాల హిస్సార్ అంటే పిల్లల కోటా? – ఒక పాఠకురాలు, టోలిచౌకి, హైదరాబాద్.

సమాధానం: ఈనాటి ఊరి పేరుగా, కోట పేరుగా రాసేటప్పుడు గోల్కొండ అనే రాయాలి. టీచరు దిద్దింది సరైనదే. అయితే మీ అబ్బాయి రాసింది తప్పుమాట కాదు, ఆ పేరుకు మూలరూపం. పేరు ఎలా పుట్టిందో చెప్పే వాక్యంలో గొల్లకొండ అని నిస్సందేహంగా రాయవచ్చు.

గొల్ల అన్నది గోల్ ఎలా అయిందో తెలియాలంటే నల్లగొండను పక్కన పెట్టుకుని చూడండి. నల్లగొండ ఉర్దూ వాడుకలో నల్‌గొండ అయింది. లకారం మీది అచ్చు జారిపోయి, రెండు లకారాల్లో ఒకటే నిలిచింది. గొల్లకొండలోనూ జరిగింది ఇదే. మరి నల్ హ్రస్వంగానే ఉండిపోగా గోల్‌కు దీర్ఘం ఎక్కడిది? ఉర్దూలో హ్రస్వ 'అ' ఉంది. హ్రస్వ 'ఒ' మాత్రం మొహల్లా వంటి మాటల్లో హకారం పక్కన తప్ప వినబడదు. మనకు కొన వేరు, కోన వేరు. ఉర్దూ లిపిలో ఈ తేడా చూపే అక్షరం లేదు. అందుకే తెలుగు 'ఒ' అక్కడికి వెళ్తే 'ఓ' కావాలి, లేదా 'ఉ' కావాలి. ఈ ఒక్క పేరులో రెండూ జరిగాయి. గొల్లలోని ఒ ఓ అయింది, కొండలోని ఒ ఉ అయింది. హిందీ, ఉర్దూలలో గోల్‌కుండా అనడం మీరు వినే ఉంటారు. ఆ రూపం మళ్లీ మన నోటికి వచ్చినప్పుడు కుండాను కొండగా సరిచేసుకున్నాం, ఎందుకంటే ఆ మాట మన కళ్లకు కనబడుతూనే ఉంది. గోల్‌లో గొల్ల కనబడలేదు, అలాగే వదిలేశాం. దీర్ఘానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

నల్లగొండలో 'గ' ఉంటే ఇక్కడ 'క' ఏమిటని అడగవచ్చు. సమాసంలో 'క' అన్నది 'గ'గా మారడాన్ని వ్యాకరణం గసడదవాదేశం అంటుంది. అది అన్నిచోట్లా ఒకేలా జరగదు. రాయలసీమలోది పెనుకొండ, గోదావరి జిల్లాలోది పెనుగొండ. మాటలు అవే, వాడుక వేరు.

'గోల' నుంచి వచ్చిందన్న మాట నిలవదు. కింద బాలా హిసార్ దర్వాజా కప్పు కింద చప్పట్లు కొడితే కొండ మీద వినబడే మాట నిజమే. కానీ అది ఆ కట్టడం గుణం, కొండ గుణం కాదు. కట్టడం లేనప్పుడు ఆ గోలే లేదు.

ఇక గొల్లపిల్లవాడి కథ. పేరులో గొల్ల ఉందని ధ్వనులు చెప్పగలవు. పిల్లవాడికి విగ్రహం దొరికిందని, అది విని కాకతీయ రాజు మట్టికోట కట్టించాడని ధ్వనులు చెప్పలేవు. గొర్రెలు మేసే గుట్టను జనం గొల్లకొండ అనడానికి విగ్రహం దొరకనక్కరలేదు. ఊరి పేరుకు అర్థం చెప్పడానికి తరవాత కథ పుట్టడం మన పల్లెల్లో తరచుగా చూసేదే. కథ అందమైనది, చెప్పండి. చరిత్ర అని మాత్రం చెప్పవద్దు.

అందుకే శీర్షికలోని ఇతిహాసం మార్చాలి. హిందీలో ఇతిహాస్ అంటే చరిత్ర. తెలుగులో ఇతిహాసం అనగానే రామాయణ భారతాలు గుర్తుకొస్తాయి. తరతరాలుగా నోటిమాటగా వచ్చిన కథకు మనకున్న మాట ఐతిహ్యం. 'ఇతిహ', అంటే 'ఇలా అని చెబుతారు' అన్న దాని నుంచి పుట్టింది. ఒక్క రామదాసు విషయంలోనే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, తానీషా కాలంలో ఖైదు కావడం చరిత్ర. రామలక్ష్మణులు వచ్చి ఆ బాకీ తీర్చడం ఐతిహ్యం. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తరవాత, లోపలివారే తలుపు తెరవడంతో కోటను గెలవడం మళ్లీ చరిత్ర. వ్యాసంలో ఏ వాక్యం ఏ వైపుదో 'అంటారు', 'జరిగింది' అన్న క్రియలతోనే తెలియజేయమనండి.

బాల హిస్సార్‌లో పిల్లలెవరూ లేరు. అది పారసీ మాట, బాలా హిసార్. బాలా అంటే పై, హిసార్ అంటే కోట. మొత్తం మీద పైకోట. లా దీర్ఘం, సా ఒంటి అక్షరం. కాబూల్‌లో, పెషావర్‌లో కూడా బాలా హిసార్‌లు ఉన్నాయి. హర్యానాలోని హిసార్ పట్టణం పేరూ ఇదే మాట. కనుక 'బాలా హిసార్ కోట' అంటే కోటను రెండుసార్లు చెప్పినట్టు. 'గోల్కొండ కోట'లో ఆ దోషం లేదు, ఒకటి కొండ, రెండోది కోట.

వ్యాసంలో ఇలాంటి మాటలు ఇంకా తగులుతాయి. కోట చుట్టూ తవ్వే కందకం సంస్కృతం అనుకుంటారు కానీ, అది ఖందక్ నుంచి వచ్చింది. మన పాతమాట అగడ్త. బురుజు కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, దానికి తెలుగులో కొత్తళం ఉంది. ఔరంగజేబు ఫతే రహ్‌బర్ ఫిరంగి ఉన్న బురుజు పేట్లా బురుజు, అంటే పొట్ట ముందుకు పొడుచుకొచ్చినది. దాన్ని పెట్లబురుజు అని హ్రస్వం చేస్తే ఆ 'పేట్' అన్న అర్థం పోతుంది. గోల్కొండకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు దుర్గమ్మ చెరువు కాదు. దుర్గం అంటే చేరడం కష్టమైన చోటు, కోట. కొండ మీదిదైతే గిరిదుర్గం.

చివరిగా శిధిల. అది శిథిల, 'థ' రాయాలి. అయితే అక్షరం దిద్దినంత మాత్రాన ఆ విశేషణం గోల్కొండ మొత్తానికి అతకదు. మహళ్ల కప్పులు కూలాయి, వాటిని శిథిల భవనాలు అనండి, పాడుబడ్డ మహళ్లు అన్నా సరే. 87 బురుజులూ 8 దర్వాజాలూ ఉన్నదిగా చెప్పే బయటి ప్రాకారం చాలామేరకు నిలిచే ఉంది. దాని లోపల ఇళ్లున్నాయి, బజారుంది. ఏటా ఆషాఢంలో నగరంలోని బోనాలు మొదలయ్యేది ఆ కొండ మీది అమ్మవారి దగ్గరే. శీర్షికను "గోల్కొండ: చరిత్ర, ఐతిహ్యాలు" అని మార్చమనండి.