నేపియర్ గడ్డిలో చక్కెర శాతం: పరీక్షకు ముందు తెలుసుకోవలసినవి

సందేహం: మాకు ఆరు గేదెలు ఉన్నాయి. ఎకరంలో సూపర్ నేపియర్ వేశాం. కిందటి ఏడాది ఆ గడ్డిని గాలి చొరకుండా గుంతలో తొక్కి పాతర వేస్తే మురుగు వాసన వచ్చి గేదెలు ముట్టలేదు. గడ్డిలో చక్కెర చాలకనే పాడైందని, ల్యాబులో పరీక్ష చేయించమని తెలిసినవారు చెబుతున్నారు. చెరకు రసానికి వాడే బ్రిక్స్ మీటరుతో మేమే చూసుకోకూడదా? – పాడి రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

సమాధానం: పాతరలో గడ్డి నిలవాలంటే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులకు నీటిలో కరిగే చక్కెరలు ఆహారంగా అందాలి. అవి చాలకపోయినా, గడ్డిలో తేమ మితిమీరినా పులుపు తగినంత పెరగదు. అప్పుడు వేరే సూక్ష్మజీవులు విజృంభించి బ్యుటిరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. మీరు చెప్పిన మురుగు వాసన బహుశా దానిదే. లేత నేపియర్‌లో ఈ రెండు లోపాలూ కలిసే ఉంటాయి కనుక చక్కెర ఒక్కదాన్నే తప్పుపట్టలేం.

బ్రిక్స్ మీటరు చెరకుకు నమ్మదగినదే, ఎందుకంటే చెరకు రసంలో కరిగి ఉన్నదానిలో అధిక భాగం చక్కెరే. గడ్డి రసంలో లవణాలు, సేంద్రియ ఆమ్లాలు, కరిగే మాంసకృత్తులు కూడా గణనీయంగా ఉంటాయి, మీటరు వాటన్నిటినీ కలిపే చూపిస్తుంది. ఒకే మడిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా గమనించడానికి అది పనికొస్తుంది గానీ, అందులో కనిపించిన అంకెను చక్కెర శాతంగా తీసుకోకూడదు.

ప్రయోగశాలలో ఎండబెట్టిన గడ్డిని మెత్తగా పొడి చేసి, నీటితోగానీ 80 శాతం ఆల్కహాలుతోగానీ చక్కెరలను బయటికి తీస్తారు. ఆ ద్రావణానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన, చక్కెరతో రంగునిచ్చే రసాయనమైన ఆంత్రోన్‌ను కలిపి వేడిచేస్తే నీలి ఆకుపచ్చ రంగు వస్తుంది. దాని గాఢతను 620 నానోమీటర్ల దగ్గర కొలిచి, తెలిసిన గ్లూకోజు ద్రావణాలతో పోల్చి శాతం లెక్కిస్తారు. గ్లూకోజు, ఫ్రక్టోజు, సుక్రోజులను విడివిడిగా చూపే హెచ్.పి.ఎల్.సి. పరీక్ష కూడా ఉంది, అయితే పాతర కోసం అంత ఖర్చు అనవసరం. చలిదేశాల గడ్డిలో ఫ్రక్టాన్లు (ఫ్రక్టోజు గొలుసులు) నిల్వ ఉంటాయి కాబట్టి నీటితో తీసినప్పుడు ఒక అంకె, ఆల్కహాలుతో తీసినప్పుడు మరో అంకె వస్తాయి. నేపియర్ ప్రధానంగా పిండిపదార్థాన్ని దాచుకునే ఉష్ణమండలపు గడ్డి కనుక ఆ తేడా మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఈ పరీక్షలో పొరపాటు ఎక్కువగా జరిగేది పొలంలోనే. కోసిన తరువాత కూడా గడ్డి శ్వాసిస్తూ తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. కుప్పగా వేసి మరునాడు సంచిలో తెచ్చిన గడ్డికి ఎంత మంచి ల్యాబు అయినా పాత అంకెను తిరిగి ఇవ్వలేదు. మడిలో నాలుగైదు చోట్ల కోసి, ముక్కలు చేసి, బాగా కలిపి, అరకిలో తీసి, గాలి లేకుండా పాలిథిన్ సంచిలో కట్టి, ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో అదేరోజు చేర్చండి. అక్కడ 60–65 డిగ్రీల సెల్సియస్ వద్ద త్వరగా ఆరబెడతారు. వేడి అంతకు బాగా మించితే చక్కెరలు మాంసకృత్తులతో కలిసి గోధుమరంగుకు మారి లెక్కకు అందవు. పగలు ఎండలో చక్కెర పెరిగి రాత్రి తగ్గుతుంది కనుక, పాతర కోసం ఏ వేళకు కోస్తారో నమూనానూ ఆ వేళకే కోయండి. ముసురు పట్టిన రోజుల్లోనూ, యూరియా ఎక్కువగా వేసిన మడిలోనూ అంకె తక్కువగా వస్తుంది. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే. ఈ పరీక్ష చేస్తారో లేదో ముందుగా అడిగి బయలుదేరండి.

ఫలితం పొడి పదార్థం (నీరంతా పోగా మిగిలేది) మీదనా, పచ్చిగడ్డి మీదనా అన్నది తప్పక చూడండి. ఉదాహరణకు పొడి పదార్థంలో 6 శాతం చక్కెర ఉందనుకుందాం. 20 శాతం పొడి పదార్థం ఉన్న టన్ను పచ్చిగడ్డిలో ఉండేది 12 కిలోల చక్కెర మాత్రమే. అదే గడ్డిని పొడి పదార్థం 30 శాతం అయ్యేవరకు వాడ్చితే టన్నుకు సుమారు 18 కిలోలు అవుతుంది, వాడ్చే వేళలో కొంత పోతుందనుకోండి. దానికి 20 కిలోల మొలాసిస్ (చక్కెర మిల్లు మడ్డి) కలిపితే, అందులో దాదాపు సగం చక్కెరే కనుక, మొత్తం 28 కిలోలకు దగ్గరవుతుంది. పాతరకు అది చాలు.

అందువల్ల ప్రతి కోతకూ చక్కెర పరీక్ష చేయించమని నేను చెప్పను. మంచు ఆరిన తరువాత కోసి, సాయంత్రంలోగా ఎండలో పలచగా వాడ్చి, గుప్పెడు ముక్కలను గట్టిగా పిండినప్పుడు నీరు కారకుండా ఉంటే మొలాసిస్ కలిపి గాలి చొరకుండా తొక్కించండి. ఇన్ని చేసినా మళ్లీ మురుగు వాసన వస్తే, అప్పుడు పచ్చిగడ్డి నమూనాతోపాటు పాడైన పాతర గడ్డినీ పంపి, చక్కెరతోపాటు పొడి పదార్థం, పి.హెచ్. (పులుపు ఎంత ఉందో తెలిపే అంకె) కూడా చూడమని కోరండి.