దొరకని రికార్డు ఎలా దొరికింది

"సమాచార హక్కు అప్పీళ్లు వినే సమాచార కమిషనర్లను ప్రభుత్వమే వేసుకుంటుంది కదా, వాళ్ల దగ్గర రెండో అప్పీలు దండగేనా?" అని ఒకరు అడిగారు. దండగ కాదు. కానీ మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు.

మాది గుంటూరు. మా వీధి సైడు కాలువ పనికి ఎస్టిమేటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు కావాలని సమాచార హక్కు కింద అడిగాను. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేస్తే "రికార్డు లభ్యం కాలేదు" అని ఒక్క వాక్యం వచ్చింది. సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేశాను. విచారణ నోటీసు వచ్చిన వారానికి ఫోన్: "సార్, ఫైలు దొరికింది, వచ్చి తీసుకెళ్లండి."

ఆ ఫైలును వెతికి పెట్టింది భయం. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా కమిషనర్ వేసే జరిమానా ఆ అధికారి జేబులోంచే పోతుంది. అయితే కమిషనర్ "మనవాడే" అని తెలిస్తే ఆ భయం ఎక్కడుంటుంది?

నియామకం చేసేది గవర్నర్, పేరు సిఫారసు చేసేది ముగ్గురి కమిటీ: ముఖ్యమంత్రి, ఆయన ఎంచుకున్న మంత్రి, ప్రతిపక్ష నేత. అంటే ఓటింగుకు ముందే 2-1. 2024లో మన అసెంబ్లీ 175 సీట్లలో ప్రతిపక్షానికి వచ్చినవి 11, ప్రతిపక్ష నేత హోదా దక్కలేదు. అలాంటప్పుడు ప్రతిపక్షంలో పెద్ద పక్షం నాయకుణ్నే ప్రతిపక్ష నేతగా భావించాలని చట్టంలోనే ఉంది. కమిషనర్‌కు ఏ పార్టీతోనూ సంబంధం ఉండకూడదనీ ఉంది. మరి కండువా నిన్న సాయంత్రం తీసేసి ఉంటే? దాని గురించి చట్టం మాట్లాడదు!

నన్ను ఇంకా బాధించేది ఈ చట్టానికి చేసిన 2019 సవరణ. అంతకుముందు కమిషనర్ల 5 ఏళ్ల పదవీకాలం చట్టంలోనే ఉండేది. ఇప్పుడు కాలం, జీతం రెండూ కేంద్రం నిబంధనల్లోకి వెళ్లాయి. కాలం 3 ఏళ్లే.

అదే ఏడాది ఫిబ్రవరిలో సమాచార హక్కు కార్యకర్త అంజలి భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: ఖాళీ రాకముందే ఎంపిక మొదలుపెట్టాలి, పేర్లు వడపోసే ప్రమాణాలు బయటపెట్టాలి, రిటైరైన అధికారులను మాత్రమే తీసుకోకూడదు.

ఈసారి నియామకం జరిగాక సాధారణ పరిపాలన శాఖకు పది రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు పెట్టండి. కమిటీ మినిట్స్, ఎంపిక ప్రమాణాలు, అసమ్మతి నోట్ ఏదైనా ఉంటే దాని నకలు అడగండి. మీ రెండో అప్పీలు మాత్రం 90 రోజుల లోపు పడేయండి, గడువు దాటనివ్వకండి.