చిన్న షెపర్డులను పెంచబోయే అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మినియేచర్ అమెరికన్ షెపర్డ్ అనే చిన్న మందకాపరి కుక్కల జాతిలో ఒక ఆడకూనను తెచ్చుకుని, దానితో ఒక మంచి వంశాన్ని మొదలుపెట్టాలని ఉందని రాశావు. అయితే పెద్ద షెపర్డులను, అంటే ఆస్ట్రేలియన్ షెపర్డులను, పెంచేవాళ్లు దాన్ని వేరే జాతిగానే ఒప్పుకోకపోవడం, చిన్నవాటిని పెంచేవాళ్లు ఎత్తు విషయంలో మళ్లీ తమలో తామే రెండుగా చీలి ఉండడం చూసి, ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నానని కూడా అన్నావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జాతి ప్రమాణంలో, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే రాతలో, ఎత్తుకు పెట్టిన పై హద్దు గురించి జనం ఎంత పోట్లాడుకున్నా, పెంపకందారుగా నువ్వు గట్టిగా కాపాడవలసింది కింది హద్దును. ఎందుకో చెప్పాలంటే ఈ తగాదా ఎక్కడినుంచి వచ్చిందో కొంత చెప్పాలి.

1960ల చివర్లో కాలిఫోర్నియాలో కొందరు, ఆస్ట్రేలియన్ షెపర్డులుగా భావించిన కొన్ని పొట్టి కుక్కలను, ఏ వంశ నమోదు పుస్తకంలోనూ (రిజిస్ట్రీలోనూ) లేనివాటిని, ఏరి జతకట్టించడంతో ఈ జాతి మొదలైంది. గుర్రపు పోటీలకు ఊరూరా తిరిగే రౌతులకు బండిలో ఇమిడిపోయే చురుకైన కుక్క కావలసివచ్చింది కాబట్టి వాళ్లలో ఇది తొందరగా పాకింది. 1980లో నేషనల్ స్టాక్ డాగ్ రిజిస్ట్రీలో మినియేచర్ ఆస్ట్రేలియన్ షెపర్డ్ పేరుతో తొలిసారి నమోదైంది. 1957లోనే ఏర్పడిన ఆస్ట్రేలియన్ షెపర్డ్ క్లబ్ ఆఫ్ అమెరికా మాత్రం తమ జాతిలో సైజును బట్టి రకాలు లేవన్న మాట మీదే నిలబడింది. అమెరికాలో జాతికుక్కలను నమోదు చేసే అమెరికన్ కెనెల్ క్లబ్ 1991లో పెద్ద జాతిని గుర్తించింది. చిన్నవి 2011లో ఇంకా పూర్తి గుర్తింపు రాని జాతులను నమోదు చేసే ఆ క్లబ్బు ఫౌండేషన్ స్టాక్ సర్వీస్‌లో చేరేటప్పుడు పేరులోని ‘ఆస్ట్రేలియన్’ను వదులుకుని ‘అమెరికన్’ను తగిలించుకున్నాయి, 2015 జూలైలో హెర్డింగ్ (మందకాపరి) గ్రూపులో పూర్తి గుర్తింపు పొందాయి. (ఆస్ట్రేలియన్ షెపర్డ్ రూపుదిద్దుకున్నది కూడా అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనే. ఆ లెక్కన కొత్త పేరే ఎక్కువ నిజం. ఈ మాట పెద్ద జాతివాళ్ల దగ్గర మాత్రం అనకు.)

పెద్ద జాతివాళ్ల అభ్యంతరంలో పస లేదని నేననను. వాళ్ల ప్రమాణం మగవాటికి 20 నుంచి 23 అంగుళాలు, ఆడవాటికి 18 నుంచి 21 అంగుళాలు మేలని చెబుతూనే, ఎత్తు కోసం నాణ్యతను బలిపెట్టకూడదని కూడా చెబుతుంది. మినియేచర్ ప్రమాణంలో మగవాటికి 14 నుంచి 18, ఆడవాటికి 13 నుంచి 17 అంగుళాలు. 18 అంగుళాల మగ మినియేచర్‌నూ అంతే ఎత్తున్న ఆడ ఆస్ట్రేలియన్ షెపర్డ్‌నూ పక్కపక్కన నిలబెడితే వాటిని వేరు చేసేవి కాగితాలే. ఒకే రక్తాన్ని రెండు పుస్తకాల్లోకి విడగొట్టి, ఒకదాని నుంచి మరొకదానిలోకి రాకపోకలు ఆపేస్తే, రెండింట్లోనూ జతకు దొరికే కుక్కలు తగ్గి, దగ్గరి బంధువుల మధ్య జతలు పెరుగుతాయి. అది నిజమైన నష్టమే. అయినా ఆ విభజన జరిగిపోయింది, దాన్ని వెనక్కి తిప్పడం నీ చేతిలో లేదు. మినియేచర్‌ను మళ్లీ చీల్చి ‘టాయ్’ (బొమ్మలాంటి మరీ చిన్నది) అనే మూడో ముక్క చేసే పనిలో చేయి కలపకుండా ఉండడం మాత్రం నీ చేతిలో ఉంది.

ఇలాంటి తగాదా ఇదే మొదటిది కాదు. షెట్లాండ్ షీప్‌డాగ్‌ను బ్రిటన్‌లోని కెనెల్ క్లబ్ 1909లో షెట్లాండ్ కోలీ పేరుతో గుర్తించినప్పుడు, కోలీ అనే పెద్ద మందకాపరి జాతి పెంపకందార్లు సరిగ్గా ఇలాగే అడ్డుపడ్డారు. చివరకు పేరులోంచి ‘కోలీ’ పోయింది. పేరు పోయినా, షెట్లాండ్ దీవుల చిన్న కుక్కల్లో కలిపిన రఫ్ కోలీ రక్తం పోలేదు కాబట్టి, నూరేళ్ల తరవాత కూడా ఒకే ఈతలో ఒక కూన చక్కగా ఇమిడితే మరో కూన హద్దు దాటి పెరుగుతుంది. అమెరికా ప్రమాణం 13 నుంచి 16 అంగుళాల మధ్య లేని షెల్టీని (షెట్లాండ్ షీప్‌డాగ్‌కు ముద్దుపేరు) పోటీనుంచి తప్పిస్తుంది. బ్రిటన్ ప్రమాణం మగదానికి పద్నాలుగున్నర అంగుళాలు, ఆడదానికి 14 ఆదర్శమని చెప్పి, అంగుళానికి మించిన తేడా చాలా అవాంఛనీయమని మాత్రమే అంటుంది, మిగతాది న్యాయనిర్ణేతకు వదిలేస్తుంది. నాకు రెండో పద్ధతే నచ్చుతుంది, కానీ మినియేచర్ అమెరికన్ షెపర్డ్ ప్రమాణం మొదటి దారినే పట్టింది.

పోటీనుంచి తప్పించడమంటే పెంపకంనుంచి తప్పించడం కాదన్న సంగతిని కొత్తవాళ్లు గమనించరు. పదిహేడుంపావు అంగుళాలకు పెరిగిన ఆడకుక్క షో రింగులోకి వెళ్లలేదు, అంతే. దాని నమోదు చెల్లుతుంది, మందను తోలే పోటీల్లో పాల్గొనవచ్చు, పిల్లల్ని కనవచ్చు. దానికి భుజాల అమరిక బాగుండి, కళ్లు శుభ్రంగా ఉండి, స్వభావం నిలకడగా ఉంటే, నీ వంశానికి అదే పెద్ద ఆస్తి కావచ్చు. సరిపడే మగదాన్ని ఎంచుకుంటే పిల్లల్లో ఎత్తు సర్దుకుంటుంది. పన్నెండు అంగుళాల ఆడకుక్క విషయంలో నేను ఇంత ఉదారంగా ఉండను. ఎంత ముద్దుగా ఉన్నా దాన్ని ఇంటి కుక్కగానే ఉంచు, జతకట్టించకు.

ఈ పక్షపాతానికి కారణం ఉంది. కొనేవాళ్ల ఒత్తిడి ఎప్పుడూ కిందికే లాగుతుంది. ‘ఇంకా చిన్నది ఉందా’ అని అడిగేవాళ్లు వందమంది వస్తారు, ‘కాస్త పెద్దది ఉందా’ అనేవాళ్లు అరుదు. అందువల్ల పై హద్దును బజారే చూసుకుంటుంది, కింది హద్దుకు పెంపకందారు మనస్సాక్షి తప్ప వేరే కాపలా లేదు. శరీరం మరీ చిన్నదైతే మోకాలిచిప్పలు జారడం, ఇరుకు దవడలో పళ్లు కిక్కిరిసి పోవడం, చిన్న గెంతుకే ముంగాలి ఎముక విరగడం, ఒకే పెద్ద కూన అడ్డం పడి కాన్పు ఆపరేషన్‌దాకా పోవడం ఎక్కువవుతాయి. గొర్రె ఎదురుతిరిగి నిలబడితే దాన్ని కదిలించగల బరువు, ధైర్యం కూడా అక్కడే జారిపోతాయి.

కుక్క పొట్టిగా ఉండడంలో రెండు దారులున్నాయని తెలుసుకో. 2007లో వెలువడిన ఒక పరిశోధన, ఐజీఎఫ్1 అనే జన్యువులోని తేడా చిన్న జాతులన్నింటిలోనూ విస్తృతంగా ఉందని చూపింది. ఈ దారిలో ఒళ్లంతా దామాషాగా తగ్గుతుంది. రెండోది కార్గీలనే పొట్టికాళ్ల కుక్కల్లో కనిపించే దారి, ఎఫ్‌జీఎఫ్4 జన్యువుకు అదనంగా ఏర్పడిన నకలు కాళ్లను మాత్రమే కురచ చేస్తుంది. ఆ నకళ్లలో ఒకటి, 12వ క్రోమోజోము మీద ఉండేది, వెన్నుపూసల మధ్య డిస్కులను తొందరగా గట్టిపడేలా చేసి, అవి జారే ప్రమాదాన్ని పెంచుతుందని 2017లో తేలింది. మినియేచర్ షెపర్డ్ ప్రమాణం కోరేది మొదటి రకం చిన్నతనాన్ని: ఎత్తుకంటే పొడవు కొద్దిగా మాత్రమే ఎక్కువ, మధ్యరకం ఎముక, ఎక్కడా అతి లేని శరీరం. కూన పక్కనుంచి నిలబడ్డప్పుడు ఛాతీ లోతు సరిగ్గానే ఉండి మోచేతినుంచి నేలవరకు మాత్రమే కురచగా కనిపిస్తే, అమ్మేవాళ్లు దాన్ని ఎంత మెచ్చుకున్నా, ఆ నకలు పరీక్ష ఫలితం చూడకుండా డబ్బు కట్టకు.

ఇక మిగతా పరీక్షలు. లేత రంగు మీద ముదురు మచ్చలుండే మెర్ల్ రంగు కుక్కను మరో మెర్ల్‌తో ఎన్నడూ జతకట్టించకు. సగటున నాలుగింట ఒక కూనకు ఆ జన్యువు రెండువైపులనుంచీ వస్తుంది, అలాంటి కూనల్లో చెవుడు, కంటి లోపాలు తరచుగా ఉంటాయి. కొన్ని మెర్ల్ కుక్కలు పైకి ఒకే రంగుగా కనిపించి మోసగిస్తాయి కాబట్టి, కళ్లను నమ్మకుండా జన్యు పరీక్షను నమ్ము. పుట్టుకతోనే పొట్టి తోక ఉన్నవాటిని రెండింటిని జతకట్టించడం కూడా మానుకో, ఎందుకంటే ఆ జన్యువు రెండువైపులనుంచీ వచ్చిన పిండాలు బతకవు. తుంటికీలుకు, కుక్కల కీళ్ల పరీక్షలను ధ్రువీకరించే అమెరికా సంస్థ ఓఎఫ్ఏ తుది ధ్రువీకరణ రెండేళ్లు నిండితేగాని ఇవ్వదు, అంతవరకు ఎన్నిసార్లు ఎదకు వచ్చినా తొందరపడకు.

ఎండీఆర్1 అనే జన్యువు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కోలీ కుటుంబపు కుక్కల్లో ఈ జన్యువులో వచ్చే మార్పు ఉంటే కొన్ని మందులు మెదడులోకి చేరిపోయి, కుక్క తూలడం, స్పృహ తప్పడం, ప్రాణం పోవడం దాకా జరగవచ్చు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం లెక్కల ప్రకారం ఆస్ట్రేలియన్ షెపర్డుల్లోనూ, వాటి చిన్న రూపంలోనూ ఇది దాదాపు సగందాకా ఉంటుంది. పశువైద్యుడికి ముందే చెప్పాలని అందరూ అంటారు. అందరూ చెప్పనిది ఒకటుంది: గొర్రెలకో గుర్రాలకో నులిపురుగుల కోసం ఐవర్‌మెక్టిన్ పట్టించాక వాటి పేడలో ఆ మందు ఉంటుంది, మంద వెంట తిరిగే కుక్క పేడ తినకుండా ఉండదు. మందు పట్టించిన మందలోకి నీ కుక్కను కొన్నాళ్లు పంపకు. అయితే ఈ మార్పు ఉన్న ప్రతి కుక్కనూ పెంపకంనుంచి తీసేస్తామంటే సగం జాతి పోతుంది. ఉన్నదాన్ని లేనిదానితో జతకట్టించి, ఒక తరంలో కాకపోయినా రెండు మూడు తరాల్లో నెమ్మదిగా తగ్గించుకోవడమే తెలివైన దారి.

ఎత్తు కొలిచేటప్పుడు గట్టి, సమతలమైన నేల మీద, ముంగాళ్లు నిలువుగా, తల మామూలుగా ఎత్తి ఉండగా, భుజాల పైభాగంలో కొలువు. విడివిడి రోజుల్లో కొలిచి చూసుకో. ఏడాది నిండనిదే ఎత్తు ఖాయమని ఎవరికీ మాటివ్వకు, అమ్మకపు ఒప్పందంలో ‘ఇంత ఎత్తుకే పెరుగుతుంది’ అన్న వాక్యం అస్సలు రాయకు. ఏ వయసులోనైనా, ఏ కారణంతోనైనా కుక్కను ఉంచుకోలేకపోతే నీకే తిరిగి ఇవ్వాలన్న వాక్యం మాత్రం తప్పక రాయి.

పనిని ఎందుకు ఇంతగా పట్టుకుంటానని అడగవచ్చు. బోర్డర్ కోలీని చూడు. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ, ఎత్తునూ రంగునూ పట్టించుకోకుండా, పని ఆధారంగా ఆ జాతిని నిలబెట్టింది. వంశపత్రం లేని కుక్కను కూడా పనిలో నెగ్గితే నమోదు చేసుకునే వీలు ఉంచింది. 1995లో అమెరికన్ కెనెల్ క్లబ్ ఆ జాతిని గుర్తించినప్పుడు పనివాళ్లు గోలపెట్టింది, రూపం చూసి ఎంచుకుంటూ పోతే పని సత్తా వెనకపడుతుందన్న భయంతోనే. నీ కుక్క నూరు గొర్రెలను తోలనక్కరలేదు. కానీ జతకట్టించే ముందు కొద్దిపాటి గొర్రెల మధ్యనో బాతుల మధ్యనో, తెలిసిన శిక్షకుడి ఎదుట దాన్ని వదిలి చూడు. మందను చుట్టివచ్చి కూడదీస్తోందా, ఎదురుతిరిగితే వెనకాడుతోందా, అరిస్తే ఆగుతోందా గమనించు. పశువుల దగ్గర పొట్టితనం లోపమేమీ కాదు, కింద మడమ దగ్గర కరిచి, తన్ను తల మీదుగా పోయేలా వంగిపోవడం కార్గీలు తరతరాలుగా చేస్తున్న పనే. జంకు మాత్రం ఏ ఎత్తులోనైనా లోపమే.

ప్రమాణాన్ని మార్చే మాట చివరగా అడిగావు. అమెరికాలో ప్రమాణం రాసే హక్కు ఆ జాతి పెంపకందార్ల సొంత జాతీయ క్లబ్బుది, అంటే తల్లి క్లబ్బుది, బ్రిటన్‌లో కెనెల్ క్లబ్‌ది. అక్కడ 2008లో టెలివిజన్‌లో జాతికుక్కల అనారోగ్యం మీద వచ్చిన విమర్శ తరవాత, 2009లో ఆ సంస్థ తన ప్రమాణాలన్నింటినీ ఆరోగ్యం దృష్టితో సమీక్షించి, చాలావాటిని సవరించింది. నువ్వు మార్పు కోరుకుంటే బయటనుంచి వాదించకుండా తల్లి క్లబ్బులో సభ్యురాలివి కా, కొన్నేళ్లు కుక్కలను పెంచి చూపించు, కమిటీలో పనిచెయ్యి. ఎత్తు ప్రస్తావన వచ్చినప్పుడు పై హద్దును కొంచెం సడలిద్దామని ఎవరైనా అంటే శ్రద్ధగా విను. కింది హద్దును ఒక్క అంగుళం దించుదామంటే మాత్రం వ్యతిరేకంగా ఓటు వెయ్యి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వు. కూనను ఎంచుకునే ముందు దాని తల్లిదండ్రుల కంటి నివేదికలు, తుంటి ఫలితాలు నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న