సమాధానం: 400 వాట్ల టాప్‌లలో హారన్ డయాఫ్రమ్‌లు పదేపదే కాలిపోతున్నాయి

టాప్‌లలోని (బాస్ బాక్సుల పైన పెట్టే స్పీకర్ బాక్సులు) హారన్ డయాఫ్రమ్‌లు (పై స్వరాలిచ్చే పలుచని పొరలు) ఆంప్లిఫయర్ క్లిప్పింగ్ (ఆంప్‌ను సామర్థ్యం దాటి తోస్తే సిగ్నల్ కొసలు తెగిపోవడం) వల్లే కాలుతుండొచ్చు. ఆంప్ నాబ్ సగంలోనే పెట్టానన్నారు కదా, దానితో రక్షణ రాదు. ఆ నాబ్ ఇన్‌పుట్ సిగ్నల్‌నే తగ్గిస్తుంది. మిక్సర్ నుంచి గట్టిగా తోస్తే ఆంప్ ఫుల్ పవర్ ఇచ్చేస్తుంది. ఫ్యూజు కాలేలోపే డయాఫ్రమ్ పోతుంది.

ప్రాసెసర్‌లో (మిక్సర్‌కూ ఆంప్‌కూ మధ్య ఉండే పరికరం) లిమిటర్ (సిగ్నల్ ఒక స్థాయి దాటకుండా ఆపేది) ఇలా పెట్టండి:

1. స్పీకర్లు పీకేయండి. ఆంప్ నాబ్‌లు పూర్తిగా తెరవండి. అందరూ వదిలేసేది ఇదే. నాబ్ సగంలో ఉండగా లిమిటర్ సెట్ చేస్తే, ఫంక్షన్ మధ్యలో ఎవరో ఒకరు దాన్ని తిప్పుతారు, లిమిటర్ ఉన్నా లేనట్టే.

2. లిమిటర్ ఆపాల్సిన వోల్టులు లెక్కేయండి: 400 వాట్లు, 8 ఓమ్‌ల బాక్సుకు దాదాపు 56 వోల్టులు. డీజే పాటలకు అంత వద్దు, 3 డీబీ తగ్గించి 40 వోల్టులు చాలు. ఛానెల్‌కు రెండు బాక్సులు ప్యారలల్‌లో ఉన్నా వోల్టులు అవే.

3. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీలో ఉంచి ఆంప్ అవుట్‌పుట్ చూడండి. టోన్ ఎంత పెంచినా 40 దాటకుండా లిమిటర్ థ్రెషోల్డ్ (అది అడ్డుకోవడం మొదలుపెట్టే స్థాయి) దించండి. ప్రోబ్‌ల లోహాన్ని చేత్తో తాకొద్దు.

4. టోన్ ఆపి, ఆంప్ ఆఫ్ చేశాకే స్పీకర్లు తగిలించండి.

బాస్ బాక్సులు విడిగా ఉంటే టాప్‌లకు 80 హెర్ట్జ్ దగ్గర హై‌పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది బాస్ ధ్వనిని ఆపేది) కూడా వేయండి.