హెడ్‌సెట్ పెట్టుకుంటే కడుపులో తిప్పుతోంది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మధురవాడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరానండి. ఇండక్షన్ అంతా వీఆర్‌లోనే, అంటే వర్చువల్ రియాలిటీ. కళ్ళకి కట్టుకునే హెడ్‌సెట్ పెట్టుకుని లేని ఆఫీసులో తిరగాలి, పై ఫ్లోర్‌లోనే కూర్చునే మేనేజర్‌ని కూడా అక్కడే బొమ్మ రూపంలో కలవాలి. కాసేపటికే వికారం, చెమటలు. కళ్ళజోడు కూడా ఉంది నాకు. చెప్తే మొదటి రోజే వంకలు పెడుతోంది అనుకుంటారని ఊరుకున్నా. కంటి డాక్టర్‌కి చూపించుకోవాలా?
– పాఠకురాలు, పీఎం పాలెం

జవాబు: ఇది చాలామందికి వచ్చేదేనమ్మా, కంగారు పడకు. అరకు ఘాట్ రోడ్డులో బస్సెక్కి ఫోన్ చూస్తే తిప్పుతుంది కదా, ఇది దానికి తిరగేసిన కేసు. అక్కడ ఒళ్ళు కదులుతుంటే కళ్ళు లేదంటాయి, ఇక్కడ నువ్వు కుర్చీలో కదలకుండా కూర్చుంటే కళ్ళేమో నడుస్తున్నాం అంటాయి, చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం ఒప్పుకోదు, ఆ గొడవే వికారం. హెడ్‌సెట్ తీసేశాక కూడా తలనొప్పి, మసకలు తగ్గకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

సెట్టింగ్స్‌లో కదలికని టెలిపోర్ట్‌కి మార్చు, అంటే జాయ్‌స్టిక్‌తో జారుకుంటూ పోకుండా చూపించిన చోటికి ఒకేసారి వెళ్ళిపోవడం, దీంతోనే చాలావరకు తగ్గుతుంది. లెన్సుల మధ్య దూరం నీ కళ్ళ మధ్య దూరానికి సరిపోయిందో లేదో కూడా చూసుకో. మీ ఆఫీసు హెడ్‌సెట్ క్వెస్ట్ 2 మోడల్ అయితే 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే సెట్టింగులు, నీకు ముందు వాడినవాళ్ళది ఏది ఉంటే అదే నీకూ తగిలిస్తారు. కళ్ళజోడుకి స్పేసర్ అని ఒక ప్లాస్టిక్ ఫ్రేమ్ ఆ బాక్సులోనే వస్తుంది, అడుగు, లేకపోతే నీ అద్దాలూ వాళ్ళ లెన్సులూ రాసుకుని రెండూ గీతలే. వికారం మొదలవగానే తీసెయ్, ఓర్చుకుంటే అలవాటైపోతుందని ఎవరన్నా వినకు, ఇంకా ముదురుతుంది. తీసిన వెంటనే స్కూటీ వేసుకుని హైవే ఎక్కకు. హెచ్ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టు, వాళ్ళకి ఇది కొత్తేం కాదు.

ఒక మాట. 2021లో యాక్సెంచర్ 60,000 హెడ్‌సెట్లు కొని కొత్తవాళ్ళని ఇలాగే వర్చువల్ క్యాంపస్‌లో కలిపింది, అది కరోనా టైము, అందరూ ఇళ్ళల్లో ఉన్నారు కాబట్టి అర్థం ఉంది. నీ మేనేజర్ పై ఫ్లోర్‌లోనే కూర్చుని నిన్ను బొమ్మగా కలవడం ఏంటో నాకైతే అర్థం కాలేదు. నువ్వే మెట్లెక్కి వెళ్ళి కలిసెయ్.

ప్రశ్న: పరవాడ ఫార్మా యూనిట్లో సేఫ్టీ ఆఫీసర్‌ని. కాంట్రాక్ట్ వర్కర్లకి ఇచ్చే సేఫ్టీ క్లాసులు ఎత్తేసి వీఆర్ పెట్టేద్దామని మా ఎండీ గారు డెమో చూసి మురిసిపోతున్నారు. కొనాలా వద్దా?
– పాఠకుడు, లంకెలపాలెం

జవాబు: ముందు మీరే ఆ డెమో పెట్టుకుని కావాలని తప్పు చెయ్యండి సార్. పర్మిట్ లేకుండా, గ్యాస్ టెస్ట్ చెయ్యకుండా రియాక్టర్‌లోకి, అదే రసాయనాలు కలిపే ఆ పెద్ద ట్యాంకులోకి దిగిపోండి. ఏమీ అవ్వకుండా కథ అలా సాగిపోతే అది ఊరికే 360 డిగ్రీల వీడియో, టీవీలో చూపించినా ఒకటే, డబ్బులు దండగ. తప్పు చేస్తే తప్పు జరిగినట్టు చూపించేదైతేనే బేరం ఆడండి.

ఎందుకంటే మీ పనిలో కొన్నింటిని నిజంగా చేయించి నేర్పలేం. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు, ఇది క్లాసులో అందరూ రాసుకుంటారు. కానీ నైట్రోజన్ గ్యాస్ నింపిన ట్యాంకులో వాసన ఉండదు, రంగు ఉండదు, దిగినవాడు మాట్లాడకుండా కూలిపోతాడు, పైనున్న ఫ్రెండు "అన్నా" అంటూ వెనకే దూకేస్తాడు. అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే చెప్పింది, ఇలాంటి ఇరుకు జాగాల్లో చనిపోయేవాళ్ళలో 60 శాతం పైగా కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళేనని. ఆ దూకాలనిపించే క్షణంలో కాళ్ళు ఆపుకోవడం, అలారం కొట్టడం, ఇది చేతులారా ప్రాక్టీస్ చేస్తే వచ్చేది, దానికి వీఆర్ బాగా పనికొస్తుంది. వాల్‌మార్ట్ కూడా 2018లో తన స్టోర్లకి 17,000 హెడ్‌సెట్లు పంపడం మొదలుపెట్టింది, బ్లాక్ ఫ్రైడే అని అక్కడ ఏటా జరిగే పెద్ద డిస్కౌంట్ సేల్ రోజు తొక్కిడి లాంటివి అందులో నేర్పారు, అదీ రోజూ దొరికే అనుభవం కాదుగా.

ఇంక క్లాసులు ఎత్తేయడం మాత్రం కుదరదు. వీపు మీద ఎయిర్ సిలిండర్ బరువు, బిగుసుకుపోయిన వాల్వ్, జూన్ నెలలో పీపీఈ లోపల ఉక్కపోత, సాల్వెంట్ వాసన, ఇవేవీ హెడ్‌సెట్ చూపించలేదు, మాక్ డ్రిల్ ఉండాల్సిందే. ఒడియా, హిందీ ఆడియో కూడా పెట్టమనండి, మీ దగ్గరికొచ్చేవాళ్ళంతా తెలుగువాళ్ళేం కాదని మీకు నేను చెప్పాలా. ఒకడు హెడ్‌సెట్‌లో ఉంటే మిగతావాళ్ళు టీవీలో చూసేలా కనెక్ట్ చెయ్యండి, అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది. ఇంకోటి, మామూలు హెడ్‌సెట్ ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు, అంటే మండే ఆవిరి ఉన్నచోట వాడేది కాదు, ఎవరో ఉత్సాహంగా సాల్వెంట్ ఏరియాలోకి పట్టుకెళ్ళకుండా ట్రైనింగ్ రూమ్‌లోనే తాళం వేసి ఉంచండి.

ప్రశ్న: ఓడల రిపేరు పనిలో వెల్డర్‌ని, త్వరలో రిటైర్ అవుతున్నాను. కొత్త కుర్రాళ్ళకి వీఆర్‌లో వెల్డింగ్ నేర్పుతారట. మరి మేమెందుకు బాబూ?
– పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ మిషన్లు చాలా ఏళ్ళ నుంచే ఉన్నాయి గురువుగారూ. వెల్డింగ్ టార్చ్ పట్టుకున్న కోణం, చెయ్యి కదిలే స్పీడు, ఆర్క్ దూరం కొలిచి మార్కులేస్తాయి, రాడ్లూ ప్లేట్లూ వేస్ట్ అవ్వవు, చేతికి కుదురు తొందరగా వస్తుంది, అంతవరకు మంచిదే. కానీ ఓడ అడుగున పడుకుని తలకిందులుగా ఓవర్‌హెడ్ వెల్డింగ్ చేస్తుంటే మెడ మీద నిప్పురవ్వ పడినా చెయ్యి కదలకుండా ఉండటం ఆ మిషన్ ఎక్కడ నేర్పుతుంది? పైగా ఆ ప్రోగ్రామ్‌లో ఏ తప్పులు పెట్టాలో రాసిచ్చేది ఎవరు, కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడికి స్లాగ్, అంటే వెల్డింగ్‌లో వచ్చే చిట్టెం, అతుకులో ఎలా ఇరుక్కుంటుందో తెలీదు. మీ ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు ఇంకా మిమ్మల్ని అడగలేదంటే మీరే వెళ్ళండి, కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పులు ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, రిటైర్ అయ్యేలోపే.