బుజ్జీ, ఆ ఫ్లయర్ ప్రింటుకి ఇవ్వకముందే ఇది చదువు

బుజ్జీ,

టెక్సస్ ఫ్రిస్కోలో మైనర్ లీగ్ (పెద్ద బేస్‌బాల్ టీముల కింద ఉండే చిన్న టీములు) కుర్రాళ్ళ కోసం నువ్వు చందాలు పోగుచేస్తున్నావనీ, దోశల స్టాలూ జెర్సీల వేలమూ పెడుతున్నావనీ నిన్న ఫోన్లో మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో నేను కాక ఇంకొకరికి బేస్‌బాల్ పిచ్చి పట్టిందని తెగ సంబరపడ్డాను. ఆ తర్వాత ఫ్లయర్ మీద ఒక ఆటగాడి ఫోటో వేస్తున్నావని కూడా అన్నాడు. ఇక రాత్రంతా నిద్ర లేదు.

తేలికవి ముందు చెప్పేస్తా. డబ్బు నీ సొంత అకౌంట్లో పడనివ్వకు, ఇప్పటికే ఉన్న 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, ద్వారా తీసుకో, లేకపోతే ఇచ్చినవాళ్ళకి టాక్స్ మినహాయింపూ రాదు, వాళ్ళ ఆఫీసు తన వంతుగా కలిపే మ్యాచింగ్ డబ్బూ రాదు. ఫలానా కుర్రాడికే అని ఇచ్చినా మినహాయింపు ఉండదు. టెక్సస్‌లో రాఫెల్ (టికెట్లమ్మి చీటీ తీసే లాటరీ) ఎవరు పడితే వాళ్ళు పెట్టకూడదు, అర్హత ఉన్న సంస్థలే పెట్టాలి. స్టాలుకి పర్మిట్ అడుగు. పిచర్ (బంతి విసిరేవాడు) బ్యాటర్‌ని అవుట్ చేసే ప్రతి స్ట్రైకవుట్‌కి ఒక డాలర్ అన్న నీ ఆలోచన భలే ఉంది, కానీ టీమ్ మొత్తానివి లెక్కపెట్టు. ఒక్క పిచర్‌వే లెక్కపెట్టి అతనికే ఇస్తే చూసేవాళ్ళకి పందెంలా ఉంటుంది.

ఇంకొకటి, పాత లెక్కలు పట్టుకుని రాయకు. 2022 నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్ళలో చాలామందికి టీములే వసతి ఇస్తున్నాయి. 2023లో ఆటగాళ్ళ యూనియన్ ఒప్పందం వచ్చాక, మైనర్ లీగుల్లో ఒక స్థాయి అయిన డబుల్-ఎలో కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250 అయింది. మీ ఫ్రిస్కో టీమ్ రఫ్‌రైడర్స్ ఆ స్థాయే. పస్తులుంటున్నారని రాస్తే ముందు వాళ్ళే నవ్వుతారు. గ్లవ్స్ కావాలా, ఇంటికి వెళ్ళడానికి టికెట్ కావాలా, వాళ్ళనే అడుగు. ఆ ఒప్పందం వర్తించని ఇండిపెండెంట్ లీగుల వాళ్ళ సంగతి కూడా కనుక్కో.

ఇక ఫోటో సంగతి. ఇది నువ్వు పుట్టిన కొత్తల్లో జరిగింది, మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

2012 వేసవిలో మేము ఒక కుర్రాడికి మేడమీద గది ఇచ్చాం. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చాడు, పంతొమ్మిదేళ్ళు, ఎడమచేతి పిచర్. నెలకి సుమారు 1,100 డాలర్లు, అదీ సీజన్ ఉన్నన్నాళ్ళే. అందులో సగం ఇంటికి పంపేవాడు. వచ్చిన కొత్తలో బ్రెడ్డూ పీనట్ బటరూ తప్ప ఏమీ తినేవాడు కాదు, మీ దొడ్డమ్మ పప్పన్నంలో ఆవకాయ కలిపి అలవాటు చేసింది. నాకు ఆగలేదు. గుడి వాళ్ళతో కలిసి పులిహోర, గారెలతో ఒక ఆదివారం భోజనం పెట్టించి చందాలు వసూలు చేశాను. ఫ్లయర్ మీద వాడి ఫోటో వేసి, కింద 'ఆకలి కడుపుతో బంతి విసురుతున్నాడు' అని రాయించాను. వాణ్ణి ఒక్క మాట అడగలేదు. సర్‌ప్రైజ్ అనుకున్నాను, బుద్ధి లేక.

2,640 డాలర్లు వచ్చాయి. ఆ ఫ్లయర్ ఒకటి క్లబ్‌హౌస్ దాకా పోయింది. ఎవరో దాని మీద ఒక బ్రెడ్ ముక్క పెట్టి వాడి లాకర్లో ఉంచారట. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. నేనిచ్చిన కవరు టేబుల్ మీద పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో, "మా అమ్మ చూస్తే?" అన్నాడు. ఫోన్లో రోజూ వాళ్ళమ్మకి బాగా తింటున్నానని చెప్పేవాడు, మా మేడమెట్ల మీద కూర్చునే. వారం తిరక్కుండా వేరే ఇంటికి మారిపోయాడు. ఆగస్టులో టీమ్ వాణ్ణి వదిలేసింది. మాకెవరూ చెప్పలేదు, బాక్స్ స్కోర్లో, అంటే ఆట లెక్కల పట్టీలో, పేరు కనబడకపోతే మేమే అర్థం చేసుకున్నాం.

నాకు తెలియక చేశానని అనుకోవడానికీ లేదు. మీ తాతయ్య తెనాలిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. గురువారం ఇల్లావిడ వచ్చినవాళ్ళందరికీ "ఈ పిల్లాడికి మేమే పెడుతున్నాం" అని చెప్పేదట. అన్నం మంచిదేనట, నెయ్యి కూడా వేసేదట. అయినా డెబ్భై ఏళ్ళు వచ్చినా ఆయన ఆ వీధిలో అడుగు పెట్టలేదు, స్టేషనుకి మమ్మల్ని చుట్టుదారిన తీసుకెళ్ళేవాడు. చిన్నప్పుడు ఎండలో ఆ చుట్టుదారి నడిచినవాణ్ణి నేను, అయినా ఆ ఫ్లయర్ వేయించాను.

మీ రఫ్‌రైడర్స్‌కి పైన మేజర్ లీగ్‌లో ఆడే టీమ్ రేంజర్స్‌లో షిన్-సూ చూ అని ఒకాయన ఉండేవాడు, 2020లో కోవిడ్ వచ్చి ఆటలు ఆగినప్పుడు వాళ్ళ మైనర్ లీగ్ ఆటగాళ్ళు 191 మందికీ తలా వెయ్యి డాలర్లు ఇచ్చాడు. ఎవరు పేద ఎవరు కాదు అని ఏరలేదు. తనూ మైనర్ లీగుల్లో ఏళ్ళు గడిపినవాడు మరి.

నిన్ను తిడుతున్నాననుకోకు తల్లీ. ఫోటో బదులు బంతి బొమ్మ వెయ్యి, దోశ బొమ్మ వెయ్యి, ప్రింటుకి ఇచ్చేముందు ఆ కుర్రాళ్ళలో ఇద్దరికి చూపించి నాకు వాట్సాప్‌లో పంపు. స్టాలు ఏ రోజో చెబితే టికెట్లు బుక్ చేస్తాను. పిండి మాత్రం నువ్వు రుబ్బకు, మీ దొడ్డమ్మ చూసుకుంటానంది.

మీ పెదనాన్న